ఎర్రగుడ్డ కట్టిన కల

రొట్టెల కార్ఖానాలో పిండి కలిపే యంత్రం దగ్గర పద్దెనిమిదేళ్లుగా మేస్త్రీ చెప్పిందే చట్టం. తొట్టిలో అంటుకున్న పిండిని ఎవరైనా గీకాలంటే ముందు మేస్త్రీ స్విచ్చి పిడికి ఎర్రగుడ్డ కట్టాలి. కట్టినవాడే విప్పాలి. గుడ్డ ఉండగా స్విచ్చి జోలికెళ్లినవాణ్ణి ఏడు తరాలు కలిపి తిట్టేవాడు.

అంతటి మనిషి యంత్రంలోనే రెండు నెలల క్రితం అతని తోడల్లుడి మూడు వేళ్లు పోయాయి. మేస్త్రీ టీకి వెళ్లాడు. తోడల్లుడు తొట్టి గీకుతున్నాడు. డ్యూటీ మారి వచ్చినవాడికి గుడ్డ కనబడలేదు, స్విచ్చి నొక్కేశాడు. గుడ్డ తర్వాతెప్పుడో యంత్రం కింద, పిండిలో తొక్కుడుపడి దొరికింది.

మేస్త్రీ కట్టడం మరిచాడా, లేక తోడల్లుడే విప్పాడా? తోడల్లుడికి చేతికందిన ఏ గుడ్డతోనైనా చేతులు తుడుచుకునే పాడలవాటుంది మరి. తప్పు మేస్త్రీదని తేలితే అతని ఉద్యోగం పోతుంది, తోడల్లుడికి కూర్చుని చేసే పని ఇస్తారు. తోడల్లుడిదని తేలితే వేళ్లు పోయినవాణ్ణే ఇంటికి పంపిస్తారు.

మేస్త్రీ అబద్ధాలకోరు కాదు. అతనికి నిజంగానే గుర్తులేదు. కానీ కన్ను మూతపడితే చాలు, ఒకటే కల. స్విచ్చి దగ్గర నిలబడి, అంతా పద్ధతి ప్రకారం చేసి, నింపాదిగా టీకి వెళుతున్నట్టు. లేచాక కాసేపు ప్రాణం హాయిగా ఉండేది. మొహం కడుక్కునేలోపు అనుమానం మళ్లీ పీకేది.

"ఇలా అయితే మీరు మంచం పడతారండీ," అని భార్య అతన్ని హిప్నటిజం చేసే డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది.

డాక్టరు పెద్దావిడ. మొదటే చెప్పింది. "చూడు బాబూ, కలా, ఇక్కడ నువ్వు చెప్పేదీ ఒకే గుమ్మంలోంచి వస్తాయి. నేను తలుపు తియ్యగలను. వచ్చింది జ్ఞాపకమో కలో నాకు తెలీదు. నువ్వే చూసుకోవాలి."

మేస్త్రీ తలూపాడు. వింటే కదా! పడక్కుర్చీలో వాలి, ఆవిడ గొంతు వెంట మెట్లు దిగుతూ దిగుతూ ఎక్కడికో పోయాడు. భార్య ఫోన్‌లో అంతా రికార్డు చేసింది. "తగిలించాను," అన్న మాట వినగానే ఆమెకు పోయిన ప్రాణం లేచొచ్చింది. మర్నాడే చెల్లెలింటికి వెళ్లి, చెల్లెలికీ మరిదికీ అది రెండుసార్లు వినిపించింది. చెల్లెలు ఏడ్చింది. మరిది కట్టున్న తన చేతిని చూసుకున్నాడు. ఇంటికొచ్చి ఆమె "మీరే గెలిచారు," అంటే మేస్త్రీ హమ్మయ్య అనుకున్నాడు. తను మాత్రం ఆ రికార్డు వినలేదు. అంత ధైర్యం లేదు.

వారం తిరిగాక విచారణ. మేనేజరు బల్ల మీద ఫోన్ పెట్టించాడు. ఎదురుగా తోడల్లుడు, కట్టున్న చెయ్యి ఒళ్లో దాచుకుని కూర్చున్నాడు. ఫోన్‌లోంచి మేస్త్రీ గొంతు నిద్రలోలాగా పలికింది.

"కొక్కెం మీదున్న ఎర్ర బిళ్ల తీశాను. దాని మీద చెయ్యి బొమ్మ. పిడికి తగిలించాను. టీకి వెళ్లాను."

"స్పష్టంగా ఉంది," అన్నాడు మేనేజరు. ఆయనకు తగిలించాడన్న మాట చాలు. తగిలించింది ఏమిటన్నది ఆయనకెందుకు?

"సరే సార్," అన్నాడు తోడల్లుడు తలెత్తకుండా. "అన్నయ్య అంత వివరంగా చెబుతుంటే ఇంకేముంది? నేనే తీసుంటాను."

మేస్త్రీ ఆ మాటలు వినడం ఇదే మొదటిసారి. ఎర్ర బిళ్ల! చెయ్యి బొమ్మ! గుడ్డకు బదులుగా ఆ బిళ్లలు కొన్నదే ప్రమాదం జరిగాక. వాటికోసం గోడకు కొక్కెం బిగించింది తనే. ఆ రోజు అక్కడ పాత ఎర్రగుడ్డ తప్ప ఇంకేమీ లేదు. అంటే కుర్చీలో తను చెప్పింది జ్ఞాపకం కాదు, కల. నోరు మూసుకుంటే ఉద్యోగం దక్కుతుంది. ఆ గదిలో మిగతావాళ్లెవరికీ ఈ సంగతి తట్టలేదు. భయం వేసింది. అంతకంటే ఎక్కువగా సిగ్గేసింది.

"సార్, ఆ బిళ్లలు అప్పుడు లేవు," అన్నాడు. "నేను చెప్పింది కల."

మేనేజరు కలం పక్కన పెట్టాడు. "అయితే ఆ రోజు గుడ్డ కట్టావా, లేదా?"

"గుర్తులేదు సార్. రెండు నెలల నుంచీ జాగ్రత్తగా ఉన్నట్టు రోజూ కలొస్తోంది. నిజంగా కట్టినవాడికి అలాంటి కలతో పనేముంది సార్? నేను కట్టలేదు. రాసుకోండి."

మేనేజరు రాసుకున్నాడు. మేస్త్రీ సంతకం పెట్టి వసారాలోకొచ్చాడు. తిడతాడనో, కొడతాడనో అనుకుంటూ తోడల్లుడి ఎదుట నిలబడ్డాడు.

"వదిన అది వినిపించిన రోజు నుంచి నాకూ కలొస్తోంది అన్నయ్యా. నేను గుడ్డ విప్పి చేతులు తుడుచుకుంటున్నట్టు. ఆ చేతికి అయిదు వేళ్లూ ఉంటాయి. లేచాక నన్ను నేనే తిట్టుకుంటున్నాను."

"నువ్వు విప్పలేదురా."

"ఇప్పుడు నువ్వు చెబుతున్నావు," అన్నాడు తోడల్లుడు. "కలకి ఎవరు చెబుతారు?"