పటిక వేయాల్సిన చోటు

అంజినమ్మ మనవరాలిని భుజాన వేసుకుని ఆస్పత్రికి పరుగెత్తిన రోజున కూడా అత్తిబెలె ఊరి వెనక, గడ్డి పెంచి అమ్మే ఆ లాన్ తోటలో ఎరువుగా కోళ్ల పెంట చల్లడం ఆగలేదు. మబ్బు కమ్మి ఉంది. చినుకు పడేలోపు చల్లేయమని మేస్త్రీ నాగరాజ్ కేకలేశాడు. గంటకల్లా వాన దంచింది. పెంట కరిగి, ఎప్పట్లాగే పల్లంలో కూలీల షెడ్ల పక్కనున్న బావిలోకి దిగింది. ఆ ముప్పై కుటుంబాలకు వేరే నీళ్లు లేవు. పచ్చగడ్డి అపార్ట్‌మెంట్లకు, కంపు కూలోళ్లకు. ఇదీ అక్కడి న్యాయం.

అంజినమ్మది కదిరి పక్క పల్లె. నీళ్లు మురికైతే కుండలో పటిక తిప్పడం అక్కడి అలవాటు. అంతకు ముందు వానకు బావి మురికైనప్పుడు ఇక్కడా అదే చేసింది. నీళ్లు తేటపడ్డాయి. ఆరేళ్ల వరూధినికి తనే గ్లాసు నిండా తాగించింది. మూడో రోజుకు వాంతులు, విరేచనాలతో పిల్ల కళ్లు పీక్కుపోయాయి; అందుకే ఆ పరుగు. తన చేత్తో తనే తాగించానే అన్న బాధ ముసలిదాన్ని తినేస్తోంది.

పిల్లను ఆస్పత్రిలో చేర్చిన మర్నాడు, దాని తల్లిని అక్కడ ఉంచి అంజినమ్మ వచ్చాక, షెడ్ల ముందు అందరూ కూడారు. కూలీల్లో ఒకడైన వెంకటేశ్ కూతురు జ్యోతి వ్యవసాయ కాలేజీలో చదువుతోంది. ఆ పిల్లే లేచింది.

"అవ్వా, పటికకి క్రిములు చావవు. నీళ్లు కాచే తాగాల. పటిక వేయాల్సింది కుండలో కాదు, పెంటలో. ముందే కలిపితే ఎరువు వానకి అంత ఈజీగా కొట్టుకురాదు. నేల మీద జిప్సం పొడి చల్లాల, అప్పుడు వాన నీళ్లు పారకుండా ఇంకుతాయి. మబ్బు పడితే ఆ రోజు పెంటే ముట్టకూడదు."

"ఓనర్‌కి తెలీదా ఇది?" అడిగింది పక్క షెడ్డు మల్లమ్మ.

"మా కాలేజీ సార్ వచ్చి ఓనర్‌కి చెప్పినాడు. గడ్డి పచ్చగానే ఉండాది, ఇంక నాకెందుకు అన్నాడంట."

వెంకటేశ్ తల గోక్కున్నాడు. "పని పోతే యాడికి పోదుము? బొమ్మసంద్రలో ఫ్యాక్టరీ గేటు కాడ నిలబడినా ఎవుడు పిలుస్తాడు?"

"పని చేస్తానే సస్తా ఉండాం కదరా!" అంజినమ్మ అరిచింది. "మన బావిలో మనమే పెంట పోసుకుంటా ఉండాం. పటికా జిప్సమూ వచ్చేదాకా పెంట గంప ఎత్తేది లేదు."

ఇంట్లో ఎవరైనా పోయి శవం లేచిన రోజున గంప బోర్లించి పని మానడం వాళ్ల ఆచారం. ఎవరూ పోకుండానే బోర్లిస్తే కీడని మల్లమ్మ వణికింది. వణుకుతూనే తన గంప బోర్లించింది. పొద్దు గుంకే సరికి తోట గేటు ముందు గంపలన్నీ బోర్లపడి ఉన్నాయి.

మూడు రోజులు పెంట గుట్ట కదల్లేదు. నాలుగో రోజు పొద్దున్నే పాలమూరు కూలీలతో టెంపో వచ్చింది. దాని వెనక పోలీసు జీపు.

"దిగండప్పా! వీళ్లకు పొగరెక్కి ఉండాది, మీరు గంపలెత్తండి," అన్నాడు నాగరాజ్.

అంజినమ్మ టెంపోకి అడ్డంగా నిలబడింది. "నా మనవరాలికి ఈ నీళ్లు నేనే తాపిస్తిని తల్లీ. తేటగా ఉండాయని నమ్మితి. ఇంకా ఆస్పత్రిలోనే ఉండాది. మీ పిల్లోళ్లకూ ఈ బావే. ఒక్కసారి వంగి చూసి పోండి."

చంకలో బిడ్డతో ఒక ఆడమనిషి దిగింది. పార్వతమ్మ ఆమె పేరు. బావి దగ్గరకు నడిచి, వంగి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"ఏం నీళ్లివి? బర్లు సుత తాగయి!" అంటూ వచ్చి తన గంప ఆ వరసలో బోర్లించింది. టెంపోలోంచి ఒక్కొక్కరే దిగారు. ఎవరూ పెంట గుట్ట వైపు పోలేదు.

జీపులో వచ్చిన ఎస్సైకి ఒళ్లు మండింది. "ఆ ముసలిదాన్ని ఎక్కించండి!"

అంజినమ్మ ఎవరి చేయీ పట్టుకోకుండా జీపెక్కింది. ఆమె వెనకే మల్లమ్మ ఎక్కింది. బిడ్డతో పార్వతమ్మ ఎక్కింది. పని పోతుందని భయపడ్డ వెంకటేశ్ వెనక కడ్డీ పట్టుకుని వేలాడాడు. దిగమంటే దిగలేదు. మిగతావాళ్లు మబ్బు కింద వరసగా నిలబడి తమ వంతు కోసం చూస్తున్నారు.

కానిస్టేబుల్ వాళ్లను చూసి, జీపును చూసి, టోపీ తీసి ఫోన్ చేశాడు.

"సార్, జీపు చాలదు. బస్సు పంపండి."