సువర్ణ చెప్పిన కారణం

నా భార్య సువర్ణ మే నెలలో ఓ గురువారం పొద్దున అమలాపురం ఆసుపత్రిలో పోయింది.

అంతకుముందు ఆదివారం వీరాయమ్మగారింట్లో, చనిపోయిన వాళ్ళాయన కోసం ఆదరణ కూడిక, అంటే చర్చివాళ్ళ సంతాప ప్రార్థన, పెట్టారు. నాకు జ్వరంగా ఉండి వెళ్ళలేదు. సువర్ణ వెళ్ళి భోజనం చేసింది. తెల్లవారగట్ల వండి దించిన కోడికూర, ప్రసంగాలు ముగిసి విస్తళ్ళలోకి వచ్చేసరికి మధ్యాహ్నం మూడు దాటిందట. ఆ రాత్రికి ఊళ్ళో ఇరవై ఇళ్ళలో వాంతులు, విరేచనాలు.

మంగళవారం మా ఊరి ఆరోగ్య కేంద్రం నర్సు, ఏఎన్ఎం సుస్మిత కాగితాలు పట్టుకుని వచ్చింది. ఒకప్పుడు నా దగ్గర చదువుకున్న పిల్ల.

"ఆదివారం ఏం తిన్నారండీ అమ్మగారూ?"

"ఇంట్లో చద్దన్నం తిన్నానమ్మా. అదే పడలేదు."

అలా చెప్పి సువర్ణ నా వైపు చూసింది. భర్త పోయి పదిహేను రోజులు కాని మనిషి పెట్టిన అన్నానికి తన నోటితో వంక పెట్టదని నాకు తెలుసు. నేను ఏమీ అనలేదు. ఆ సాయంత్రం స్పృహ తప్పింది. మళ్ళీ మాట్లాడలేదు.

అన్నీ అయ్యాక సుస్మితను అడిగాను.

"ఇరవై ఇళ్ళ సంగతి పైకి రాశావా అమ్మా?"

"ఏమని రాయనండీ మాస్టారూ? ఒకరు ఎండదెబ్బన్నారు, ఒకరు మామిడిపళ్ళన్నారు. చివరింటి శ్యామ్ బాబు గారైతే, 'మా ఇంట్లో అందరికీ గ్యాసేనమ్మా, తాటిపాక గ్యాసు ప్లాంటు వాళ్ళని పిలిచి పైపేయించు' అన్నారు. కూడిక భోజనమని ఒక్కరూ అనలేదండీ. ఎవరి కారణం వాళ్ళు చెబితే పై ఆఫీసు లెక్కలో మన ఊరికి సున్నానండీ. ఎవరూ వచ్చి చూడరు."

"ఇప్పుడు నేను చెబితే?"

"అమ్మగారు చెప్పింది కొట్టేసి, సరైనది రాసి, మీరు సంతకం పెట్టాలండీ. అది చూపించి మిగతావాళ్ళని మళ్ళీ అడుగుతాను."

ముందు వీరాయమ్మగారితో చెప్పాలనిపించి వెళ్ళాను. ఆవిడ నన్ను మాట పూర్తి చెయ్యనివ్వలేదు.

"నాకూ వాంతులయ్యాయండీ మాస్టారూ. పరువు పోతుందని పిల్లలు చెప్పనివ్వలేదు. నా కోసం సువర్ణ అబద్ధం ఆడిందా అండీ?"

"ఆడింది."

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"రాసెయ్యండి. నేనూ చెబుతాను."

"ఆయ్" అని వచ్చేశాను.

సుస్మిత కాగితం ఇచ్చి వెళ్ళింది. 'ఇంట్లో చద్దన్నం' అని ఉంది అందులో. చదివినప్పుడల్లా ఆ నీరసపు గొంతు వినిపిస్తుంది. ఇంకో మాటేదైనా వినిపిస్తే బాగుండుననిపిస్తుంది. ఏ ఫోనులోనూ తన గొంతు దాచుకోలేదు నేను. నాకు మిగిలిన ఆఖరి మాట ఇదే. ఇదే తప్పు మాట.

జూన్‌లో బళ్ళు తెరిచారు. రెండుసార్లు కలం తీశాను. సుస్మిత అడగడం మానేసింది.

ఆ మాట ఇంకా కొట్టెయ్యలేదు. సంతకం పెట్టలేదు.