ముట్టించని ఆవం

కుమ్మరామె అగ్గిపుల్ల గీయబోతుంటే మరిది సైకిలు దిగాడు. అతను అగ్నిమాపక కేంద్రంలో పనిచేస్తాడు. చేతిలో కాగితాలు, జిగురు డబ్బా ఉన్నాయి.

“ఆ పుల్ల పెట్టెలో పెట్టెయ్ వదినా,” అంటూ ఒక కాగితం గేటుకి అంటించి చదివాడు. కరువు తీరేదాకా ఆరుబయట నిప్పు పెట్టరాదు. చెత్త గాని, గడ్డి గాని, ఆవం గాని. కేంద్రం దగ్గరి వర్షమాపకంలో రెండు అంగుళాలు పడితేనే నిషేధం ఎత్తేస్తారు.

“ఒక్క గంట ఆలస్యంగా వస్తే నీ సొమ్మేం పోయేది?”

“నిన్నే పట్టుకెళ్లాల్సొచ్చేది. ఆ తర్వాత మా ఆవిడ నాకు అన్నం పెడుతుందా?”

ఆవమంటే పెరట్లో గుంట. అందులో రెండు వందల పద్దెనిమిది పచ్చికుండలు, వాటి మధ్య కట్టెలు, పైన గడ్డి, ఆ పైన మట్టిపూత. భర్త పోయాక ఆమె ఒక్కతే చేసిన రెండు నెలల పని. కాలితే కుండలు. కాలకముందు వాన తగిలితే బురద.

వాన పడితేగాని నిప్పు పెట్టడానికి లేదు. వాన పడితే కాల్చడానికేమీ మిగలదు. బయటికి తీద్దామంటే ఎండిన కుండలు, చెయ్యి తగిలితే పగులుతాయి. వాన కేంద్రం మీద పడి తన పెరట్లో పడకూడదని ఆమె కోరుకుంది. ఊళ్లో అలా కోరుకున్నది ఆమె ఒక్కతే.

ఆవం మన్ను తిన్న పాములా పడి ఉంది. మరిది రోజూ పొద్దున్నే వచ్చి పూత మీద అరచెయ్యి ఆనించి చూసేవాడు.

“జ్వరముందా డాక్టరుగారూ?”

“లేదమ్మా. పథ్యం మాత్రం మానొద్దు.”

మధ్యాహ్నాలు ఆమె చక్రం పక్కన కునుకు తీసేది. కలలో ఆవం పొగ లేకుండా కాలేది. కుండలు ఒక్కొక్కటే లేచి, గేటు తీసుకుని, వీధి వెంట నీళ్లున్న చోటికి నడిచి వెళ్లేవి. మరిది సైకిలు ఆపి వాటికి దారి ఇచ్చేవాడు. మెలకువ వచ్చాక ఆమె వెళ్లి గేటు గడియ చూసుకునేది.

యాభై ఒకటో రోజు మధ్యాహ్నం మబ్బు పట్టింది. గాలి లేచింది. మరిది వచ్చేసరికి ఆమె ఆవం ముందు అగ్గిపెట్టెతో నిలబడి ఉంది.

“గట్టిపడేదాకా కాలనివ్వు మరిదీ. ఆ తర్వాత ఎంత వానైనా పడనీ. నువ్వు అటు తిరుగు చాలు.”

అతను అటు తిరగలేదు, కాదనలేదు. పూత పగులులోంచి గాలి ఒక గడ్డిపరకను లాగింది. అది గోడ దాటింది, పక్కింటి కప్పు దాటింది, బడి దాటింది, ఎండిన కొండవాలు మీదికి వెళ్లింది. కనిపించినంతసేపూ ఇద్దరూ దాన్నే చూశారు.

ఆమె చేతిలోని అగ్గిపెట్టెను అతని జేబులో పడేసింది.

“నిలబడి చూస్తావేం? పూత తియ్యి.”

పసిపిల్లల్ని ఎత్తినట్టు ఎత్తారు. మంచం మీద, మంచం కింద, పొయ్యి గట్టు మీద, చక్రం మీద, ఎక్కడ జాగా ఉంటే అక్కడ పెట్టారు. తొమ్మిది పగిలాయి. నూట అరవై ఒకటి లోపలికి చేరాక వాన దిగింది. నలభై ఎనిమిది గుంటలోనే ఉండిపోయాయి.

ఇంట్లో కూర్చోవడానికి చోటు లేక ఇద్దరూ గడప మీద కూర్చున్నారు. వెనక కుండలు, ముందు వాన చప్పుడు. ఇది కలేమోనని ఆమె మరిది భుజం తాకి చూసింది. తడిగా ఉంది.

“కట్టెలన్నీ తడిశాయి వదినా.”

“ఎండుతాయిలే.”

వాన కాస్త తగ్గాక ఆమె గుంటలోకి దిగింది. నలభై ఎనిమిది కుండల్లో ఒక్కదానికీ రూపం లేదు. గుప్పెడు మట్టి తీసి పిసికింది. రాయి తగల్లేదు. ఈ కరువులో మట్టి కలపడానికి ఆమెకు ఇన్ని నీళ్లు ఎప్పుడూ దొరకలేదు.

“మరిదీ, చక్రం మీదున్నవి దించు.”

“ఎక్కడ పెట్టమంటావ్?”

“నీ ఒళ్లో పెట్టుకో.”

“నేను వెళ్లి వాన కొలవాలి వదినా!”

“కొలుద్దువులే. రెండు అంగుళాలూ ఎక్కడికి పోతాయి?”

అతను ఒళ్లో రెండు కుండలు పెట్టుకుని కూర్చున్నాడు. చక్రం తిరిగింది.