మిగిలిన ఒక్క గాజుపలక

మైక్రోస్కోపు కింద కణాలన్నీ ఒకే అచ్చు. చిన్నవి, గుండ్రనివి, నీలంగా ఒకదాన్నొకటి ఒత్తుకుని ఉన్నాయి. రెండు రకాల క్యాన్సర్లలో ఇలాగే కనిపిస్తాయి. కవలల్ని కన్నతల్లే పోల్చుకోలేనప్పుడు పైవాళ్లెంత? లేబు డాక్టరమ్మ కళ్లు నులుముకుంది. అవి ఒక చిన్నపిల్ల చీలమండ పైని గడ్డలోవి. అది ఎముకలో పుట్టిన క్యాన్సరైతే కాలు తీసెయ్యాలి. రక్తకణాల్లో పుట్టి ఎముకలో దూరినదైతే మందులకే కరుగుతుంది, కాలు నిలుస్తుంది. తేల్చగలిగేది జన్యుపరీక్ష ఒక్కటే.

ఆ పరీక్షకు పంపడానికి ఎముక ముక్క లేదు. ఉన్న ముక్కంతా ఆమే పాడుచేసింది.

ఎముక కత్తికి లొంగదు కాబట్టి యాసిడ్‌లో నానబెడతారు. యాసిడ్ జన్యువుల్ని తినేస్తుంది కాబట్టి ముందే కొంత తీసి పక్కన పెడతారు. ఆమెకు తెలియనిదేం కాదు. కానీ ఆ రోజు సర్జన్ తలుపు దగ్గరే నిలబడి "ఆలస్యం అమృతం విషం" అంటూ తరుముతుంటే మొత్తం యాసిడ్ గిన్నెలో వేసేసింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం?

"ఇంకో ముక్క తీస్తారా సార్?" ఫోన్లో సర్జన్‌ని అడిగింది.

"ఎముక గుడ్డు పెంకులా ఉంది. మళ్లీ సూది పెడితే విరుగుతుంది. విరిగితే ఇక కాలు మాటే ఎత్తొద్దు. నీకేమనిపిస్తే అది రాసిచ్చెయ్యమ్మా."

"అనిపించిందాన్ని బట్టి కాలు తీసేస్తారా?"

సర్జన్ ఫోన్ పెట్టేశాడు.

ఒక్క ఆశ మిగిలింది. యాసిడ్‌లో వేసేముందు అలవాటు కొద్దీ ముక్కను ఒక గాజుపలకకు అద్దింది. ఆ మరకను గీకి పంపాలి. అందులో జన్యువులు చాలకపోతే ఇక దారి లేదు.

వరండాలో పిల్ల తల్లి, కూతురి వాచిన పాదానికి పట్టని బూటు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. డాక్టరమ్మ నీళ్లు నమలకుండా జరిగిందంతా చెప్పింది.

"మీ తొందరకి నా కూతురి కాలా?" అంది తల్లి.

డాక్టరమ్మ తలెత్తలేకపోయింది.

"గీకండి," అంది తల్లి. "మీ చేత్తోనే గీకండి."

డాక్టరమ్మ బ్లేడు తీసుకుని గాజుపలకను గీకింది. మరక పొడిపొడిగా రాలింది. వేలెడంత గొట్టంలో అడుక్కి కూడా చాలలేదు. పంపేశాక ఫోన్ మోగినప్పుడల్లా పరుగెత్తి ఎత్తేది. సర్జన్ ఆపరేషన్ తేదీ రెండుసార్లు గుర్తుచేశాడు. ఆమె రెండుసార్లూ ఆపమని బతిమాలింది.

ఫలితం వచ్చింది. రక్తకణాల జాతే. కాలు తియ్యక్కర్లేదు.

డాక్టరమ్మ పరుగున వెళ్లి చెప్పింది. తల్లి నేల మీద కూలబడి, బూటును గుండెకు హత్తుకుని వెక్కివెక్కి ఏడ్చింది. తర్వాత కొంగుతో మొహం తుడుచుకుని సూటిగా చూసింది.

"రేపు ఇంకెవరి బిడ్డ ముక్కో వస్తుంది. దాన్నీ అంతా యాసిడ్‌లో వేస్తారా?"

"వెయ్యనమ్మా. ముందు కొంత తీసి దాస్తాను."

"తలుపు దగ్గర ఎవరు నిలబడ్డా?"

"ఎవరు నిలబడ్డా."