హొగ్లా పేరు లేని ప్రతి

నేను ఒక మేకతోలు చుట్టను. ప్రాణమున్న రోజుల్లో ఎవరి మాటా వినేదాన్ని కాదట. చచ్చాక సున్నపు నీళ్ళలో నానబెట్టి, రోమాలు గీకి, రాయితో రుద్ది నున్నగా చేశారు. అప్పటినుంచి మనుషులు ఏం రాసినా భరించడం అలవాటైంది.

నా మీద రాసినవాడు ఎల్దాదు. యూదా కొండల్లోని గిబ్యోరు అనే కోట ఊరికి లేఖకుడు. అష్షూరు సైన్యం ఆ ఊరిని చుట్టుముట్టిన వేసవిలో తాను చూసింది చూసినట్టు రాశాడు. బావులు ఎండిపోయాయి. కోట అధిపతి అహీరాము గది తలుపు వేసుకుని కూర్చున్నాడు. చివరికి రొట్టెలు కాల్చి అమ్ముకునే హొగ్లా అనే విధవరాలు ద్వారం తీయించుకుని శత్రు సేనాపతి దగ్గరకు నడిచింది. ఊరిని వదిలెయ్యమంది. మీరు మళ్ళీ తిరగబడరని నమ్మకమేమిటని అతడు అడిగాడు. ఆమె తన ఇద్దరు కొడుకుల్నీ అప్పగించింది. సైన్యం వెళ్ళిపోయింది. కొడుకులు తిరిగి రాలేదు. ఆమెకు మిగిలింది ఒక్క కూతురు.

అహీరాము నన్ను చదివించుకుని విన్నాడు. "నా సంగతి కూడా రాయాలా?" అన్నాడు.

"తలుపు వేసి ఉందని మాత్రమే రాశానండి" అన్నాడు ఎల్దాదు.

తరాలు గడిచాయి. యెరూషలేము కాలిపోయింది. జనాన్ని బబులోనుకు తోలుకుపోయారు. ఆ దారిలో ఎవరో వెండి గిన్నెలు పారేసి, పిండి సంచిలో నన్ను మోసుకెళ్ళారు. అప్పుడు మనుషుల మీద నాకు చాలా గౌరవం కలిగింది. తొందరపడ్డాను.

చెరనుంచి తిరిగొచ్చాక, పాత చుట్టలన్నీ కలిపి ఒకే గ్రంథంగా రాసే పని పెలట్యా అనే లేఖకుడికి అప్పగించారు. చెడ్డవాడేమీ కాదు. నన్ను తెరిచే ముందు చేతులు కడుక్కునేవాడు. హొగ్లా దగ్గరికి వచ్చేసరికి అతని కలం ఆగింది. కిటికీలోంచి కూలిపోయిన ఊరి గోడల వైపు చూశాడు. తర్వాత కొత్త తోలు మీద ఇలా రాశాడు: "అహీరాము గోనెపట్ట కట్టుకొని దేవునికి మొరపెట్టెను. యెహోవా దూత బయలుదేరి శత్రువులను తరిమివేసెను."

ఈ సంగతి ఎలా తెలిసిందో, హొగ్లా కూతురి వంశంలోని మిల్కా అనే చిన్నది వచ్చి గుమ్మంలో నిలబడింది.

"అయ్యా, మా హొగ్లా అవ్వ పేరేదీ?"

పెలట్యా కలం కింద పెట్టాడు. "అమ్మా, గోడల్లేని ఊళ్ళో బతుకుతున్నాం. రేపు ఎవడొచ్చి మీద పడతాడో తెలీదు. దేవుడు ఆదుకుంటాడంటే జనం నిలబడతారు. పిల్లల్ని ఇచ్చుకుంటేనే బతుకుతారంటే ఎవరు నిలబడతారు చెప్పు?"

"అందుకని అబద్ధం రాస్తారా?"

"ఆవిడకి ఆ ధైర్యం ఇచ్చింది దేవుడు కాదూ? నేను రాసిందీ అదేగా."

"ధైర్యం దేవుడే ఇచ్చాడయ్యా. కొడుకుల్ని ఇచ్చుకున్నదెవరు?"

పెలట్యా మళ్ళీ కలం అందుకున్నాడు. రాసింది మాత్రం మార్చలేదు.

కొత్త గ్రంథాన్ని వీధిలో అందరి ముందూ చదివిన రోజు నేను పెలట్యా ఇంట్లో బుట్టలోనే ఉన్నాను. దూత శత్రువులను తరిమిన చోట జనం ఏడ్చారట. చేతులెత్తి "ఆమేన్" అన్నారట. మిల్కా ఒక్కతే "అబద్ధం!" అని అరిచింది. ఆ అరుపు కిటికీలోంచి నా దాకా వచ్చింది. పక్కవాళ్ళు ఆమె నోరు నొక్కేశారట.

కొన్నేళ్ళకు ఆమె మళ్ళీ వచ్చింది. అప్పటికి పిల్లల తల్లి.

"ఆ పాత చుట్ట ఇంకా ఉందా అయ్యా?"

పెలట్యా భయపడుతూనే నన్ను చూపించాడు.

"ఎవరికీ కనపడకుండా దాచెయ్యండి."

"ఏమైందమ్మా?"

"మా పెద్దోడికి అవ్వ కథ చెప్పాను. ఆ రోజు నుంచీ వాడు నా పక్కన పడుకోవట్లేదు. శత్రువులొస్తే నన్ను కూడా ఇచ్చేస్తావా అమ్మా అని అడుగుతున్నాడు." కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఇప్పుడు మీ కథే చెబుతున్నాను. దూత వచ్చాడనే చెబుతున్నాను. ఒళ్ళో పడుకుని వింటున్నాడు."

చదవడం రాదు ఆమెకు. నా మీద ఒకసారి చెయ్యి వేసి, ఏ అక్షరాలు అవ్వ పేరువో తెలియక తీసేసింది. వెళ్ళిపోయింది.

గెలిచానన్న సంతోషం పెలట్యా ముఖంలో కనిపించలేదు. నన్ను నారబట్టలో చుట్టి, మట్టి జాడీలో పెట్టి, ఊరికి దూరంగా ఒక కొండ గుహకు మోసుకొచ్చాడు. మూత చుట్టూ తారు పూస్తూ వెక్కివెక్కి ఏడ్చాడు. ఆ ఏడుపు సంగతి అతను ఏ గ్రంథంలోనూ రాయలేదు.