యార్డులో పంచిన లడ్లు

అంకమ్మరావుది గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ కొట్టు. కాయ విరిచి చూసి రంగూ తేమా ఇట్టే చెప్పేస్తాడు గానీ, పెళ్ళాం మనసులో ఏముందో మాత్రం ఏనాడూ పట్టుకోలేకపోయాడు, మహానుభావుడు.

ఆమె పేరు మాధురి. బ్రాడీపేటలో ఓ కోచింగ్ సెంటర్లో ఫిజిక్స్ చెబుతుంది. ఇద్దర్నీ కలిపింది ఫిల్మ్ క్లబ్బులో వేసే పాత ఇంగ్లీషు కామెడీలు, నలుపు-తెలుపువి. వాటిల్లో ఆడమనిషి గడగడా వాగేస్తుంది, మగాడు నోరు తెరిచేలోపు వాడి కోటు చిరిగిపోతుంది. విడాకులు తీసుకున్న మొగుడూ పెళ్ళాం ఒకరి కొత్త సంబంధాన్ని ఒకరు చెడగొట్టి, తిట్టుకుంటూ తిట్టుకుంటూ చివర్లో మళ్ళీ ఒకటైపోతారు. వీళ్ళిద్దరూ అవి చూసి పడీపడీ నవ్వి, అచ్చం అలాగే పోట్లాడుకుంటూ ప్రేమించుకుని పెళ్ళి చేసుకున్నారు. అక్కడిదాకా బానే ఉంది.

ఆ పోట్లాట ఇంట్లోకొచ్చాక దాని రుచి మారింది. మాధురి వాళ్ళ నాన్న పోయి ఆమె మాటా పలుకూ లేకుండా కూర్చుంటే, నవ్విద్దామని వీడు ఆమె స్కూటర్ తాళాలు బియ్యం డబ్బాలో దాచాడు. ఆమె నిజంగా కోప్పడితే అదీ డైలాగే అనుకుని ఎదురు డైలాగు వేశాడు. ఓ రోజు ఆమె విసిగిపోయి, "విడిపోదాం" అంది. "పద, కోర్టుకి" అన్నాడు నవ్వుతూ. ఎవరి పంతం వాళ్ళది. విడాకులు కూడా వచ్చేశాయి. మాధురి నల్లపాడులో అక్కగారింటికి చేరింది.

అయినా మెసేజీలు ఆగలేదు. ఓటీటీలో కొత్త కామెడీ ఏదన్నా వస్తే మాధురే ముందు పెట్టేది. "అదే పాత కథ. టెలిఫోన్ తీసేసి వాట్సాప్ పెట్టారు. అప్పటివాళ్ళంత జోరుగా మాట్లాడలేకపోతున్నారు పాపం." అంకమ్మరావు అవే పదేపదే చదువుకునేవాడు. ఆమె లేకుండా తన వల్ల కాదని వాడికి తెలిసిపోయింది. తిరిగి రమ్మని ఒక్క ముక్క అడిగితే సరిపోయేది. ఎందుకడుగుతాడు? ఆ సినిమాల్లో ఎవడడిగాడు గనక?

యార్డులో ఎవరింట్లోనన్నా సంబంధం కుదిరితే వరసలో ఉన్న కొట్లన్నిటికీ స్వీటు పంచుతారు. పంచారంటే ఇక దానికి తిరుగులేదని లెక్క. మాధురి బావ బాపయ్య సరుకు కొనడానికి రోజూ ఆ వరసకే వస్తాడు. అది చూసుకునే అంకమ్మరావు లడ్లు తెప్పించి, "ఒంగోలు సంబంధం, కుదిరిపోయింది" అంటూ తనే తిరిగి పంచాడు. బాపయ్య లడ్డు చేతిలో పట్టుకుని అదోలా చూశాడు.

"సంతోషం తమ్ముడూ" అని మాత్రం అన్నాడు.

ఇక మాధురి రయ్యిమని వస్తుంది, యార్డు నడిమధ్య నిలబెట్టి దులిపేస్తుంది, అప్పుడు అసలు సంగతి చెప్పి ఇంటికి తీసుకుపోదామని వాడి ప్లాను.

మర్నాడు పొద్దున్నే వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. సీజన్లో యార్డులో ఎర్రగా లేని కళ్ళెవరివి? మిరప ఘాటు కాబోలనుకున్నాడు, బుద్ధిమంతుడు.

"అమ్మాయి మంచిదేనా?" అంది.

"నీలా అరవదు" అన్నాడు, ఇప్పుడు అరుస్తుందని చూస్తూ.

ఆమె అరవలేదు. "మంచిది. జాగ్రత్తగా చూసుకో" అని స్కూటరెక్కి వెళ్ళిపోయింది.

అప్పుడు భయమేసింది వాడికి. కాటా దగ్గర రైతుని నిలబెట్టి, కొట్టు గుమాస్తాకి వదిలేసి, దొరికిన ఆటో ఎక్కి నల్లపాడు పోయాడు.

మాధురి వంటింట్లో కూర్చుని అన్నం తింటోంది. వాడు గుమ్మంలోనే మొత్తం కక్కేశాడు. ఒంగోలూ లేదు, అమ్మాయీ లేదు, నిన్ను రప్పించాలనే లడ్లు పంచానన్నాడు. చెబుతూ చెబుతూ ఏడ్చేశాడు కూడా.

మాధురి నోట్లో ముద్ద నిదానంగా నమిలి మింగింది.

"ఆదివారం నీ దగ్గరికి వచ్చేద్దామని బట్టలు సర్దుకున్నాను" అంది. "అక్కకీ చెప్పాను. నిన్న బావ లడ్డు తెచ్చాక అన్నీ తీసి మళ్ళీ బీరువాలో పెట్టాను. రాత్రంతా ఏడుపే."

"మళ్ళీ సర్దుదాం మధూ. నేను సర్దుతాను."

"ఇందాక నీ కొట్టు నుంచి వస్తుంటే ఆకలేసింది. ఎన్నాళ్ళయిందో ఇలా ఆకలేసి. ఇంటికెళ్ళేసరికి ఏం తమాషా చేసి పెడతాడోనని గుండె గుబగుబలాడే పని ఇక లేదు కదా అనిపించింది. నీది నాటకమేనయ్యా, ఒప్పుకుంటా. నా ఆకలి నాటకం కాదు."

"ఇంకెప్పుడూ చెయ్యను."

"చెయ్యవేమో. కనిపెట్టి చూసే ఓపిక నాకు లేదు."

కోపంగా అని ఉంటే వాడికి కాస్త ఆశ మిగిలేది. ఆమె అలసిపోయినట్టు, అభిమానంగా అంది.

"ఏమన్నా తిన్నావా?"

తల అడ్డంగా ఊపాడు. మాధురి లేచి ఇంకో కంచం పెట్టి, పప్పూ అన్నం వడ్డించింది.

"తిని వెళ్ళు" అంది.

అంకమ్మరావు కూర్చున్నాడు. తిన్నాడు. చెయ్యి కడుక్కుని వెళ్ళాడు.