గెలిచినట్టే అనుకోండి

హైదరాబాద్‌లో ట్రైనింగ్‌కు పోయివచ్చినప్పటి నుంచి దివాకర్ సార్ కబడ్డీ నేర్పడం మానేసి, గెలుపు నేర్పడం మొదలుపెట్టాడు. కోరుట్ల ఆడపిల్లల బడి గ్రౌండ్‌లో పొద్దున్నే పిల్లలంతా కళ్లు మూసుకుని, కప్పు అందుకున్నట్టు చేతులు పైకెత్తి నిలబడాలి. ఓటమి అన్న మాట ఎవరి నోటా రాకూడదు.

"సార్, కూతకు పోయినప్పుడు కాలు వట్టుకుంటే ఎట్ల గుంజుకోవాలె?" అని అడిగింది తొమ్మిదో తరగతి సుస్మిత.

"పట్టుకుంటరని ఎందుకనుకుంటున్నవ్? గిదే నెగెటివ్!" అని ఆమెను ఎక్స్‌ట్రాల్లో కూర్చోబెట్టాడు.

బీడీల చాట పక్కన పెట్టి తల్లి ప్రేమలత బడికి వచ్చింది. "నా బిడ్డను కూసోవెట్టింది ఆట రాదనా సార్, అడిగిందనా?"

"మీరు రోజు అద్దం ముంగట నిలవడి 'నా బిడ్డ చాంపియన్' అనాలె అమ్మా. ఇంట్ల కల్చర్ మారాలె."

"అద్దంల బొట్టు సక్కగున్నదో లేదో చూసుకునేటందుకే తీరుతలేదు. ఆడిస్తరా, ఆడియ్యరా?"

"ముందుగాల ఆలోచన మారనియ్యుండ్రి."

సిరిసిల్లలో మ్యాచ్ ఉన్న రోజు, బస్సెక్కకముందే తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో సార్ మెసేజ్ పెట్టాడు: "మనం గెలిచేశాం!" జరగబోయేదాన్ని జరిగినట్టే రాసుకోవాలని ట్రైనింగ్‌లో చెప్పారట.

కూతకు పోయిన కెప్టెన్ స్వప్న కాలు అవతలి జట్టువాళ్లు పట్టేశారు. తర్వాత పోయినవాళ్ల కాళ్లూ పట్టేశారు. "నవ్వుండ్రి! నవ్వుండ్రి!" అని గీత బయట నుంచి సార్ అరిచాడు. పిల్లలు నవ్వుకుంటూనే అవుటయ్యారు. సుస్మితను ఆఖరిదాకా ఎక్స్‌ట్రాల్లోంచి లేపలేదు.

తిరుగు బస్సులో సార్‌కు మస్కట్ నుంచి ఫోన్ వచ్చింది. సుస్మిత తండ్రి రాజేందర్.

"మీ మెసేజ్ చూసి మా రూంల అందరికి మిఠాయి పంచిన సార్. బిడ్డకియ్యుండ్రి ఒకసారి."

సార్ ఫోన్ ఇస్తూ చెవిలో అన్నాడు. "ఆ మాట అన్నవో, జట్ల ఉండవు."

సుస్మిత ఫోన్ చెవికి పెట్టుకుంది.

"ఓడిపోయినం బాపు. నన్ను ఆడియ్యనేలేదు."

"మరి గా మెసేజ్?"

"అది ఉత్తగ అనుకునుడు బాపు."

సార్ ఫోన్ లాక్కున్నాడు. "వచ్చే మ్యాచ్‌కు గూడ నువ్వు ఎక్స్‌ట్రానే!"

"అయితే నేను గూడ ఎక్స్‌ట్రానే సార్" అంది స్వప్న, దోక్కుపోయిన మోకాలు ఊదుకుంటూ.

"నేను గూడ" అంది వెనక సీటు.

బస్సు వేములవాడ దాటేసరికి జట్టులో ఆడేవాళ్లు ఒక్కరూ మిగల్లేదు.

"సుస్మితా" అన్నాడు సార్ చివరికి, "రేపు పొద్దుగాల గ్రౌండ్ల ముందు నువ్వే కూతకు పో. కాలు ఎట్ల గుంజుకోవాలెనో చూపిస్త."